కదలని జర్మనీ కారులో మా మామగారు

జీవితంలో నేను ఒకే ఒక్క ఖరీదైన జర్మనీ కారు కొన్నాను. దాన్ని ఒకే ఒక్కసారి తోలాను. ఆ ఒక్కసారీ ఏ రోజున తోలానో, ఎక్కడికి తోలానో విన్నవాళ్ళు నన్ను ఎగాదిగా చూసి, "మీరు కంప్యూటర్ ఇంజనీరే కదండీ?" అని మళ్ళీ అడిగి నిర్ధారించుకుంటారు. మా ఆవిడ పద్మ అయితే చుట్టాలు రాగానే కాఫీ కంటే ముందు ఈ కథే పెడుతుంది. ఆవిడ చెబితే అందులో నేను మరీ వెర్రివెంగళప్పలా కనబడతాను. నేనే చెప్పుకుంటే కాస్త పరువు మిగులుతుందేమోనని ఈ ప్రయత్నం. మిగలదని నాకూ తెలుసు లెండి.

అప్పట్లో మేం సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలో ఓ ఫ్లాట్ అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మర్చిపోయి బ్యాంకులన్నీ కుప్పకూలతాయని లోకమంతా హడలి చచ్చిన కాలం అది. ఆ తేదీలు సరిచేయడానికని ఆంధ్రదేశం నుంచి విమానాలకి విమానాలు నిండి వచ్చిన కుర్రకారులో నేనొకణ్ణి. రెండువేలు వచ్చింది. ఏదీ కూలలేదు. అది పూర్తిగా నా చలవేనని నేను నమ్మాను, మా బాసు కూడా నమ్మాడు. తేదీల విషయంలో నన్ను మించినవాడు లేడని ఆఫీసంతా అనుకుంటున్న రోజుల్లోనే నాకు కారు కొనాలన్న బుద్ధి పుట్టింది.

కారు నా కోసం కాదు. మా మామగారి కోసం.

మా మామగారు తెనాలిలో హిస్టరీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మొగలాయిల కంటే, విజయనగరం కంటే ఆయనకి మోటారు కార్ల చరిత్ర మీద మమకారం ఎక్కువ. అందులోనూ ఒకే ఒక్క జర్మనీ కంపెనీ మీద. పేరు రాయను, మీకు తెలుసు, ముక్కు మీద మూడు కొమ్ముల నక్షత్రం ఉంటుంది. ఆ కారు ఊళ్ళో ఒకే ఒక్క రైసు మిల్లు యజమానికి ఉండేదట. వాళ్ళ ఇంట పెళ్ళి ఊరేగింపులో ఈయన ఆ కారు పక్కన ఊరు దాటేదాకా నడిచారు తప్ప, ఎక్కమన్నవాళ్ళు లేరు.

మా పెళ్ళయిన కొత్తలో ఓసారి నాతో అన్నారు. "ఆ కారు తలుపు వేస్తే చప్పుడే వేరంటారు అల్లుడుగారూ. బ్యాంకు లాకరు మూసినట్టుంటుందిట. ఓసారి వినాలి. వెనక సీట్లో కూర్చుని కాస్త దూరం వెళ్ళాలి. అంతకంటే పెద్ద కోరికలేం లేవు నాకు."

అంత చదువుకున్న మనిషి అంత చిన్నపిల్లాడిలా అడగడం నా మనసులో ఉండిపోయింది. వేసవి దాటాక ఆయన నెల రోజులు మా దగ్గర ఉండడానికి వస్తున్నారనగానే, ఎలాగైనా ఆ కారులో తిప్పి పంపాలని పట్టుబట్టాను.

ఇక్కడ సింగపూర్ సంగతి కాస్త చెప్పాలి. అక్కడ కారు కొనడం కంటే దాన్ని రోడ్డు మీద తిప్పుకునే హక్కు కొనడం కష్టం. ఆ హక్కుని సీఓఈ అంటారు. పదేళ్ళు పనిచేస్తుంది. తొమ్మిదేళ్ళు దాటిన కార్లు, ఎంత గొప్పింటి బిడ్డలైనా, చవగ్గా దొరుకుతాయి. నాకు దొరికింది అలాంటిదే. నల్లటి ఒళ్ళు, గోధుమరంగు తోలు సీట్లు, ఒక్క గీత లేదు.

"సీఓఈ జులై ఆఖరు దాకా ఉంది. తర్వాత రెన్యూ చేస్తే చెయ్యి, లేకపోతే లేదు, నీ ఇష్టం లా," అన్నాడు అమ్మినవాడు, సింగపూర్‌వాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా'తో సహా.

రెన్యూ అనగానే నాకు మన ఆర్టీవో ఆఫీసు కళ్ళ ముందు మెదిలింది. ఓ దరఖాస్తు, ఓ చలానా, ఓ టీ. అంతేకదా అనుకుని సంతకం పెట్టేశాను.

ఆ సాయంత్రమే భీమవరంలో మా అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, కారు కొన్నా. జర్మనీది."

"కొత్తదేనా?"

"కొత్తది కాక!"

ఏం చెయ్యమంటారు? ఫోన్ కార్డులో నిమిషాలు కరిగిపోతుంటే సీఓఈలూ సెకండ్ హ్యాండులూ వివరిస్తూ కూర్చుంటామా? పైగా కొడుకు జర్మనీ కారు కొన్నాడని వీధంతా చెప్పుకోబోయే తల్లికి, "పాతదేలే" అని చెప్పడానికి నోరు రాలేదు.

"పంచాంగం చూశావా?" అంది అమ్మ.

"చూడలేదు."

"చూడవు. రేపో ఎల్లుండో గురుమూఢం పడుతోంది. అది పూర్తిగా వదలకుండానే శుక్రమూఢం. అది వదిలేసరికి ఆషాఢం. శ్రావణమాసం మొదటి శుక్రవారం దాకా కొత్త బండి కదపడానికి వీల్లేదు. తాళం కూడా తిప్పకు. ఇంతకీ ఇంటికెలా తెచ్చావు?"

"అమ్మినవాడే తోలుకొచ్చి మా బిల్డింగు కింద పెట్టాడు."

"బతికించాడు. అక్కడే ఉండనీ."

అమ్మ మాట కాదనే ధైర్యం నాకు లేకపోలేదు. కానీ మామగారు గుర్తొచ్చారు. తెల్ల పంచె, తెల్లవారకుండానే స్నానం, ఆ తర్వాత కళ్ళు మూసుకుని అరగంట ధ్యానం. అంత నిష్ఠ గల మనిషిని మూఢం వస్తే బయటికి తీయకూడని బండిలో కూర్చోబెడితే ఏమనుకుంటారు? అల్లుడికి సంప్రదాయం తెలీదనుకోరూ? అదీ నా దిగులు. శ్రావణ శుక్రవారానికి ఆయన ఇక్కడే ఉంటారు, ఆ ఆదివారమే తిరుగు ప్రయాణం. ఆ శుక్రవారం తప్పితే మళ్ళీ అవకాశం లేదు. సరిపోయిందనుకున్నాను.

ఆషాఢం మొదట్లో ఆయన వచ్చారు. అత్తగారికి విమానమంటే భయం కాబట్టి ఒక్కరే వచ్చారు. సొంత కారు పెట్టుకుని నేనూ పద్మా ఎయిర్‌పోర్టుకి టాక్సీలో వెళ్ళాం.

"కారు కొన్నారని అమ్మాయి చెప్పిందే?" అన్నారు టాక్సీ ఎక్కుతూ.

"కొన్నాను మామయ్యగారూ. మొన్నటిదాకా మూఢం, ఇప్పుడు ఆషాఢం. శ్రావణ శుక్రవారం ముహూర్తం పెట్టించాను."

ఆయన నా మొహంలోకి ఓ క్షణం చూశారు. తర్వాత, "ఆహా. మంచిది అల్లుడుగారూ," అన్నారు.

ఆ "మంచిది" విని నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. ముందు సీట్లోంచి పద్మ వెనక్కి తిరిగి, "ఏమండీ, మా నాన్న..." అంటూ ఏదో మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న చిన్నగా దగ్గారు. ఆవిడ ఆగిపోయింది. నేను, "నువ్వూరుకో పద్మా, ఆయన పద్ధతులు నాకు తెలుసు," అన్నాను.

ఇంటికి రాగానే సామాన్లు కిందే పెట్టించి కారు దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక తలుపు తెరిచి వెయ్యమన్నాను. ఆయన వేశారు. దబ్బుమని కాదు, టపామని కాదు, మెత్తగా, బరువుగా ఓ చప్పుడు. ఆయన కళ్ళు మూసుకుని నిలబడిపోయారు. మళ్ళీ తెరిచారు, మళ్ళీ వేశారు. పక్కన కార్లవాళ్ళు చూస్తున్నారు. నాకు గర్వంగా ఉంది.

"లోపల కూర్చోవచ్చా?" అన్నారు.

ఇది శాస్త్రంలో ఎక్కడుంటుందో నాకు తెలీదు. అయినా క్షణం ఆలోచించి తీర్పు చెప్పేశాను. "కూర్చోవచ్చు మామయ్యగారూ. కదలకూడదు, అంతే."

ఇక చూడండి. మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగేవారు. రాత్రి పడిన దుమ్మంతా తుడిచేవారు. ఆ తర్వాత వెనక సీట్లో దర్జాగా కూర్చుని, తాళం తిప్పకుండా అద్దాలు దిగవు కాబట్టి తలుపు ఓరగా తెరుచుకుని, పేపరు చదువుకునేవారు. కారు కదలదు, డ్రైవరు లేడు. అటుగా పోయేవాళ్ళు, ఎవరో పెద్దమనిషి డ్రైవరు కోసం ఎదురుచూస్తున్నాడు కాబోలనుకునేవాళ్ళు. ఇంకాసేపటికి తిరిగొచ్చి చూస్తే పెద్దమనిషి అక్కడే. పాపం, డ్రైవరు ఇంకా రాలేదు.

మా కింద అంతస్తులో లిమ్ అంకుల్ అని ఒకాయన ఉండేవాడు. హార్డ్‌వేర్ దుకాణం కొడుక్కి అప్పగించి ఖాళీగా ఉన్నాడు. ఆయన ఓ రోజు ఉండబట్టలేక వచ్చి అడిగాడు. "వై యువర్ కార్ నెవర్ మూవ్ ఆ?"

మామగారు తన కాలేజీ ఇంగ్లీషులో ముహూర్తాల గురించి ఏం చెప్పారో నాకు తెలీదు. లిమ్ అంకుల్ మాత్రం గంభీరంగా తలూపి, ముందు తలుపు తెరిచి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "ఓకే లా, ఐ ఆల్సో వెయిట్," అన్నాడు. అప్పటినుంచి ఇద్దరూ. ఆదివారాలు పద్మ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి ముందు సీట్లో చేరేది. నేను బయట నిలబడి తలుపు మీద మోచేతులు ఆనించి వినేవాణ్ణి.

ఎందుకంటే ఆయన చెప్పేవి నేనెప్పుడూ విననివి. ఈ కంపెనీకి మూలపురుషుడైన ఒకాయన గుర్రాల్లేని బండి తయారుచేసి, జనం నవ్వుతారని దాన్ని షెడ్డులోనే పెట్టుకుని కూర్చున్నాడట.

"మీ అల్లుడి లాగా," అన్నాడు లిమ్ అంకుల్.

మామగారు నా వంక చూడకుండా కొనసాగించారు. "ఓ రోజు వాళ్ళావిడ, ఆయన నిద్ర లేవకముందే ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని ఆ బండి బయటికి తీసింది. కారులో దూరప్రయాణం చేసిన మొట్టమొదటి మనిషి ఆవిడే. ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? పుట్టింటికి!"

పద్మ చప్పట్లు కొట్టింది. "మొగుడికి చెప్పకుండానా?"

"చెప్పకుండానే. దారిలో పెట్రోలు గొట్టంలో ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. పెట్రోలు బంకులు ఎక్కడున్నాయప్పుడు? మందుల షాపులో కొని పోసుకుంది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు ముక్కలు కొట్టించింది."

"ఆవిడ మూఢం చూసుకుని బయల్దేరిందా నాన్నా?" అంది పద్మ, నన్ను చూస్తూ.

మామగారు మళ్ళీ దగ్గారు. ఆ దగ్గు సంగతేమిటని నాకు అనుమానం రావద్దూ? రాలేదు. సింగపూర్ ఏసీ పడలేదేమో అనుకుని మిరియాల కషాయం పెట్టించాను.

కంపెనీ పేరు ఎక్కడిది అని అడిగాను. కార్లు అమ్మే వ్యాపారి ఒకాయన తన కూతురి పేరు పెట్టమని పట్టుబట్టాడట. ఆ మూడు కొమ్ములు ఏమిటని లిమ్ అంకుల్ అడిగాడు. నేలా, నీరూ, గాలీ, మూడింట్లోనూ మా ఇంజన్లే తిరగాలన్న ఆశట. గుద్దుకున్నప్పుడు మనిషి నలగకుండా బండే ముందు నలిగేలా తయారుచేయాలని మొదట ఆలోచించింది కూడా వాళ్ళ ఇంజనీరేనట. అంతా విన్నాక నేను భక్తిగా బానెట్ మీద చెయ్యి వేశాను.

"అంత భక్తి వద్దు అల్లుడుగారూ," అన్నారాయన. "యుద్ధం రోజుల్లో ఇదే కంపెనీ ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించింది. అది కూడా చరిత్రే. బండిని మెచ్చుకుందాం, దణ్ణం మాత్రం పెట్టొద్దు."

ఇలా ఆషాఢం చివరికొచ్చింది. ఆదివారం సాయంత్రం లిమ్ అంకుల్ కారు అద్దం మీది రోడ్ ట్యాక్స్ బిళ్ళ వంక కళ్ళు చిట్లించి చూసి, "సో, టుమారో లాస్ట్ డే. ఏ టైముకి తీసుకెళ్తారు?" అన్నాడు.

"ఎక్కడికి?"

"స్క్రాప్‌కి లా!"

నేను నవ్వాను. "స్క్రాపేమిటి అంకుల్, రెన్యూ చేయిస్తాను. వారంలో ఎప్పుడైనా వెళ్ళి..."

"రెన్యూ? ఎంతవుతుందో తెలుసా?" అని ఆయన నా చెవిలో చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను. అది విన్నాక నేను కారు పక్కనున్న గట్టు మీద కూర్చున్నానని మాత్రం రాస్తాను. రేపటితో పదేళ్ళు నిండుతాయి. ఎల్లుండి నుంచి ఆ కారు రోడ్డు మీద చక్రం పెట్టకూడదు. ముహూర్తం శుక్రవారం. లోకంలో బ్యాంకులన్నిటికీ తేదీలు సరిచేసిన మహానుభావుణ్ణి నేనే!

అమ్మినవాడికి ఫోన్ చేశాను. "రేపు తువాస్‌లో స్క్రాప్ యార్డుకి తీసుకురా. తెల్లారి తెస్తే కాయితాలు నేను చూసుకుంటా," అన్నాడు చల్లగా. అంటే ఆ కారు తిరిగేందుకు మిగిలింది రేపు ఒక్కపూట. మామగారిని ఎక్కించాలంటే రేపే. రేపేమిటో తెలుసా? ఆషాఢ అమావాస్య.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. దాచి లాభం లేదు, మొత్తం చెప్పేశాను.

"ఎవరో పదేళ్ళు తోలిన బండా అది?" అంది అమ్మ.

"అవునమ్మా."

"ఒరేయ్, మూఢం కొత్త బండికిరా! ఎవడి చేతుల్లోనో అరిగిన బండికి మూఢమేమిటి, ఆషాఢమేమిటి? కొన్న రోజే తోలుకుపోవాల్సింది. పాపం ఆ పెద్దాయన్ని నెల రోజులు కదలని కారులో కూర్చోబెట్టావట్రా?"

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆయన తుడిచిన తుడుపులన్నీ గుర్తొచ్చాయి.

సోమవారం పొద్దున్నే సెలవు పెట్టాను. పద్మకి ఆఫీసులో మీటింగు, రాలేకపోయింది. "మామయ్యగారూ, ఇవాళ కారులో వెళ్దాం," అన్నాను తల దించుకుని. ఆయన ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇస్త్రీ పంచె కట్టుకుని నా కంటే ముందు లిఫ్టు దగ్గరున్నారు.

తాళం తిప్పాను. చడీచప్పుడూ లేదు. నెలల తరబడి ముట్టుకోకపోతే బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది? మళ్ళీ తిప్పాను. వెనక సీట్లోంచి మామగారు, "నక్షత్రం సరిగ్గానే ఉంది అల్లుడుగారూ," అన్నారు ధైర్యం చెబుతూ. లిమ్ అంకుల్ బనీనుతోనే పరుగెత్తుకొచ్చి, తన వ్యాను తెచ్చి పక్కన పెట్టి, వైర్లు కలిపాడు. కారు ఓసారి గొంతు సవరించుకుని అందుకుంది. గడియారం చూశాను. అచ్చంగా రాహుకాలం. మంచి ఘడియ కోసం మూడు నెలలకి పైగా కారుని నిలబెట్టినవాణ్ణి, అమావాస్య నాడు రాహుకాలంలో, దాన్ని సాగనంపడానికి మొదటిసారి బయటికి తీశాను.

కానీ ఆ ప్రయాణం! ఆంగ్ మో కియో నుంచి తువాస్ అంటే దీవికి ఆ చివర. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు సాగుతుంటే లోపల ఊపిరి తీసిన చప్పుడు వినబడుతోంది. అద్దంలో చూశాను. మామగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో మొదటి బెంచీ పిల్లాడిలా నిటారుగా కూర్చున్నారు. పేపరు తెచ్చుకోలేదు. షిప్‌యార్డుకి పోయే కూలీల లారీ పక్కకొస్తే వాళ్ళకి చెయ్యి ఊపారు. వాళ్ళూ ఊపారు. ఆయన మొహం చూస్తే నాకు ఎంత సంతోషమేసిందో, ఇదే ఆఖరని అంత బాధేసింది.

యార్డులో మనిషి కారు చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు. "ఇంత మంచి బండి! ఇంకో ఇరవయ్యేళ్ళు నడుస్తుంది. ఇక్కడ రూలు ఒప్పుకోదు గానీ, దీన్ని ముక్కలు చెయ్యంలే. ఓడెక్కించి వేరే దేశానికి పంపిస్తాం," అన్నాడు. మామగారు దిగి, వెనక తలుపు చివరిసారిగా వేశారు. చప్పుడు విని తృప్తిగా తలూపారు.

తిరుగు ప్రయాణం బస్సులో. పక్కపక్కన కూర్చున్నాం. నాకిక మనసాగలేదు.

"క్షమించండి మామయ్యగారూ. మీకు పట్టింపులున్నాయని తెలిసి కూడా అమావాస్య నాడు..."

"పట్టింపులా? నాకా?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"రోజూ ధ్యానం చేస్తారు కదండీ?"

"అది గ్యాస్ ట్రబుల్‌కి డాక్టరు చెప్పిన వ్యాయామం."

"మరి మూఢమంటే మంచిది అన్నారు?"

"మీకు నమ్మకమేమో అనుకున్నాను. అల్లుడింటికి నెల్లాళ్ళు ఉందామని వచ్చి ఆయన నమ్మకాల మీద చర్చ పెడతానా? పద్మ చెప్పబోతే నేనే వద్దన్నాను. మీ పెళ్ళికి కూడా మీ అమ్మగారు పెట్టిన ముహూర్తానికే సరే అన్నాను కదా." ఆయన కిటికీలోంచి చూస్తూ చిన్నగా నవ్వారు. "నాకూ మీ అత్తగారికీ పెళ్ళయింది శుక్రమూఢంలోనండీ. అమావాస్య చూసుకుని, రాహుకాలం వచ్చేదాకా కూర్చుని మరీ దండలు మార్చుకున్నాం. ఇద్దరం హేతువాదులం. ఊళ్ళో మండపాలన్నీ ఖాళీ, ఏది కావాలంటే అది ఇస్తామన్నారు!"

బస్సు తువాస్ దాటేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మామగారికి మూఢం మీద నమ్మకం లేదు. పద్మకి లేదు. నమ్మకమున్న మా అమ్మ, ఆ బండికి మూఢమే లేదంది. నాకు మొదట్నుంచీ లేదు. అంటే ఆ నల్లటి కారుని అన్నాళ్ళు నిలబెట్టింది అక్షరాలా ఎవరి కోసమూ కాదు.

అందుచేత నేను నిండు మనసుతో, తూర్పుకి తిరిగి, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట మామా అల్లుళ్ళ మధ్య మొహమాటానికి నా ఇంట చోటు లేదు. పోయినేడు మా అమ్మాయి పెళ్ళి చేశాను, ఇప్పుడు నేనే మామగారిని. అల్లుడు ఏ బండి కొన్నా, గుమ్మంలోనే నిలబెట్టి, "నన్నెప్పుడు ఎక్కిస్తావు బాబూ?" అని అడిగి తీరతాను.

మొన్న అతను సైకిలు కొన్నాడు. అడిగేశాను. "వెనక క్యారియర్ లేదు మావయ్యగారూ," అన్నాడు నీళ్ళు నములుతూ. "ఇవాళే బిగించు," అన్నాను.